కొత్త జార్ అని రాసిన రోజు

కొలిమి బాబాయి రాత గురించి ఆ పరిశోధనశాలలో ఎవరినడిగినా చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. మోచేతుల దాకా గ్రాఫైటు నలుపు. కానీ ఆయన రాసిన లాగ్‌బుక్కులో ఒక్క మరక చూపించండి చూద్దాం! ఉండదు. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా, పెళ్లి శుభలేఖ అచ్చు వేసినట్టు ఉంటాయి. కొత్తగా ఎవరు చేరినా పెద్దసారు ముందు ఆ పుస్తకం తెరిచి, "రాస్తే ఇలా రాయాలయ్యా" అనేవాడు. బాబాయి పక్కనే నిలబడి, తనకేమీ వినపడనట్టు బోల్టులు తుడుచుకుంటూ ఉండేవాడు. వినపడేది, ఎందుకు వినపడదు!

దాని వెనక ఒక కిటుకు ఉంది. ఎవరైనా పని అయ్యాక రాస్తారు. ఈయన పనికి ముందు రాసేవాడు. పొద్దున తొమ్మిదింటికి రాగానే, చేతులు ఇంకా శుభ్రంగా ఉండగానే, ఆ రోజు చేయబోయేదంతా రాసిపెట్టేవాడు. ఏ పొడి, ఎన్ని గ్రాములు, ఏ జార్‌లో నూరాలి, ఎన్ని గంటలు నూరాలి. సీసా మీద అంటించే చీటీ కూడా అప్పుడే రాసేవాడు. ఆ తరవాత రాసింది రాసినట్టు చేసేవాడు. మధ్యలో ఏదైనా మారితే సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి దిద్దేవాడు. దిద్దడానికీ ఒక పద్ధతి ఉంది. చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పు మాట కనబడేలా దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇన్నేళ్లలో ఆయన కొట్టిన గీతలు పట్టుమని పది లేవు. ఆ సంగతి ఆయనకు మహా గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది, దాచడమెందుకు.

వాళ్లు చేసేది అరగని వస్తువులు. ఇసుకను ఒత్తిడితో చిమ్మి ఇనుము తుప్పు వదలగొట్టే యంత్రాలుంటాయి కదా, వాటి గొట్టం మూతి వారం తిరిగేసరికి అరిగి చేటంత అవుతుంది. అలా అరగని మూతి చేయాలంటే గట్టి పింగాణీ కావాలి. మన ఇళ్లలో కప్పులూ సాసర్ల పింగాణీ కాదు. లోహాన్నీ బోరాన్నీ కలిపిన బోరైడు పొడిని అచ్చులో పోసి, పైనుంచి పిస్టన్‌తో నొక్కుతూ, గాలి లేని కొలిమిలో కాలిస్తే వచ్చే నల్లటి బిళ్ల.

ఆ పనికని ఒక అమ్మాయి వచ్చి చేరింది. ఒక్క లోహం కాదు, అయిదు లోహాల బోరైడ్లు సమపాళ్లలో కలిపి ఒకే బిళ్ల చేస్తానంది. అంతవరకు బాగానే ఉంది. పదహారు వందల డిగ్రీలకే చేస్తానంది. అక్కడే బాబాయికి నవ్వొచ్చింది. ఆ పొడులు మహా మొండివి. రెండు వేల డిగ్రీలు దాటితే గాని ఒక గింజ ఇంకో గింజను అంటుకోదు, పిస్టన్ కిందికి దిగదు. అంత వేడికి అచ్చులు పగులుతాయి, గింజలు లావెక్కి బిళ్ల పెళుసవుతుంది.

"పదహారు వందలా మేడమ్? ఆ వేడికి ఇవి కనీసం పలకరించుకోవు కూడా."

"నన్ను మేడమ్ అంటే కొలిమిలో తోసేస్తా బాబాయ్. పలకరించుకునేలా మనం చేద్దాం, నువ్వున్నావుగా."

చేరి మూడు రోజులు కాలేదు, బాబాయట! ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆయనకు పాప అయిపోయింది. పొడి మొహానికంతా పూసుకుని తిరిగేది. "బొగ్గుల కొట్టు వచ్చిందిరా నాయనా" అని ఈయన వేళాకోళం చేస్తే, "మరి నువ్వేంటి, వెన్నముద్దవా?" అని ఆ పిల్ల. పిల్లల్లేని ఇల్లు ఆయనది. సాయంత్రం ఇంటికెళ్లి ఆ కబుర్లన్నీ భార్యకు పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడ ఒక్కోసారి ఒక బాక్సు ఎక్కువ కట్టి పంపేది.

పాపను తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న సాయంత్రాలు గేటు దగ్గర పాత స్కూటర్ మీద కూర్చుని ఉండేవాడు. గడియారాలు బాగుచేసే మనిషి. తల్లి లేని పిల్లను ఒక్కడే పెంచాడు. ఒకరోజు బాబాయిని ఆపి అడిగాడు.

"మా అమ్మాయి చేసే బిళ్ల అరగదటగా, నిజమేనాండీ?"

"అరగకుండా చేయాలనే కదండీ తంటాలన్నీ."

"నా దగ్గరికి వచ్చే గడియారాలన్నీ అరిగి వచ్చేవేనండీ. అరగనిది ఒక్కటి కళ్లజూడాలని ఉంది. మొదటి బిళ్ల నాకే ఇస్తానంది."

"మీ అమ్మాయి బంగారం అండీ. అన్నమాట తప్పదు."

పదహారు సార్లు చేశారు. పదహారు సార్లూ బిళ్ల సుద్దముక్కలా వచ్చింది, గోటితో గీకితే రాలింది. పాప మొహం వాడిపోయేది. మర్నాటికి మళ్లీ మామూలే.

పదిహేడోసారి పొడి నూరాల్సిన రోజు బాబాయి అలవాటు ప్రకారం పొద్దున్నే రాసేశాడు: 'కొత్త జార్, ఆరు గంటలు.' చీటీ కూడా రాసి పెట్టుకున్నాడు. తీరా మూత బిగించబోతే కొత్త జార్ రబ్బరు రింగు తెగిపోయి ఉంది. స్టోరులో ఇంకోటి లేదు. పాప ఏదో మీటింగుకు వెళ్లింది. అటక మీద పాత జార్ ఉంది. దాని లోపలి గోడ టంగ్‌స్టన్ కార్బైడు అనే మహా గట్టి గింజలతో చేసింది. ఆ గింజల్ని జిగురులా పట్టి ఉంచేది కోబాల్టు అనే లోహం. గోడ అరిగి పొడిలో కలుస్తుందని, బోరైడ్లు అందులో నూరకూడదని పక్కన పెట్టేశారు. "ఒక్కసారికి ఏమవుతుందిలే" అనుకున్నాడు. యంత్రం తిరిగింది. నాలుగింటికి పొడి సీసాలోకి దించాడు, పొద్దున రాసిన చీటీ అంటించాడు, జార్ కడిగాడు. సాయంత్రం పుస్తకం దిద్దడం మరిచిపోకూడదని తెగిన రింగును పాత జార్‌లోనే వేసి మూత పెట్టి అటకెక్కించాడు. అది కూడా ఆయన అలవాటే. చేయాల్సిన పని గుర్తుండాలంటే ఏదో ఒక వస్తువు ఉండకూడని చోట పెట్టేవాడు.

చేతులు కడుక్కుంటుంటే ఫోనొచ్చింది. భార్య వంటింట్లో కుప్పకూలిపోయిందని పక్కింటావిడ. సబ్బు నురగ కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు.

ఇంక పుస్తకం ఎక్కడ, జార్ ఎక్కడ? ఆస్పత్రి వరండాలో బల్ల మీద తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఆవిడ కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పాప రొప్పుతూ వచ్చింది. ఆ సీసాలో పొడి తనే అచ్చులో పోసి, తనే కొలిమి నడిపిందట.

"బాబాయ్, దిగింది! పదిహేను వందలు దాటగానే పిస్టన్ దిగడం మొదలెట్టింది. పదహారు వందలకి పూర్తిగా దిగి ఆగింది. బిళ్ల అద్దంలా ఉంది బాబాయ్. గట్టి గుండుతో పూటంతా రాపిడి పెట్టాను, గీత పడిందో లేదో భూతద్దంలో వెతుక్కోవాల్సి వచ్చింది!"

అంతలోనే ఎక్కడున్నదీ గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆయన ఆ పిల్ల తల మీద చేయి వేసి, "మీ పిన్నికి చెప్పు తల్లీ, వింటుంది" అన్నాడు. పాప మంచం పక్కన కూర్చుని పిస్టన్ ఎలా దిగిందో మొత్తం చెప్పింది. ఆ తరవాత అయిదు రోజులకు ఆవిడ పోయింది.

నెల తరవాత బాబాయి పనికి వచ్చాడు. మనిషి వచ్చాడు గాని మనసు రాలేదు. కొత్త జార్‌కు స్టోరు వాళ్లు రింగు వేసేశారు. పాత జార్ అటక మీదే ఉంది. ఆయనకు ఏమీ గుర్తు లేదు. మళ్లీ నూరారు, మళ్లీ కాల్చారు. సుద్దముక్క. ఎనిమిది సార్లు చేస్తే ఎనిమిది సార్లూ సుద్దముక్కే. అప్పటికే పదిహేడో బిళ్ల గురించి పైవాళ్లకు చెప్పేశారు. అనుమానమొచ్చి ఆ బిళ్లను బీరువాలో పెట్టి తాళం వేసి, అందులో ఒక ముక్కను బయట పరీక్షకు పంపారు. అందులో టంగ్‌స్టనూ కోబాల్టూ ఉన్నాయని తేలింది. కోబాల్టు ఉంటే తక్కువ వేడికే కరిగి గింజలను దగ్గరకు లాగుతుంది. అదేమీ కొత్త విద్య కాదు. మరి అది ఎక్కడినుంచి వచ్చింది?

కమిటీ వేశారు. బాబాయిని పిలిచి రెండు ముక్కలు అడిగారు.

"ఈ రాత మీదేనా?"

"నాదేనండీ."

"రాసింది రాసినట్టే చేశారా?"

"ఈ పుస్తకంలో తప్పుంటే నా పేరు మార్చుకుంటానండీ."

ఇంకేం కావాలి వాళ్లకు? వెళ్లొచ్చన్నారు. పాత జార్ మాట ఎవరూ ఎత్తలేదు, ఆయనకూ స్ఫురించలేదు. వారం తిరిగేసరికి పాప తనే కోబాల్టున్న కార్బైడు పొడి కలిపి, ఆ సంగతి దాచిందని తేల్చారు. ఉద్యోగం పోయింది. ఆ రంగంలో ఇంకెవరూ గడప తొక్కనివ్వని మచ్చ పడింది.

ఇక్కడ చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది, చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. బాబాయి ఆ మాట నమ్మాడు. నమ్మి, మండిపడ్డాడు. నా పొడిలో నాకు తెలియకుండా కలుపుతుందా? ఆస్పత్రికొచ్చి, పోతున్న మనిషి పక్కన కూర్చుని అబద్ధం చెబుతుందా? పాప చివరి రోజు కొలిమి గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వెళ్లొస్తాను బాబాయ్."

ఆయన బోల్టు బిగిస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. "ఊఁ" అన్నాడు. ఆ పిల్ల ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మూడేళ్లు గడిచాయి. ఆయన రిటైరయ్యే వారం వచ్చింది. గదిలో సామానంతా తూకం వేసి అప్పజెప్పాలి. సోమవారం మధ్యాహ్నం అటక మీది పాత జార్ దించి మూత తీశాడు. లోపల తెగిన రబ్బరు రింగు.

ముందు చిరాకుపడ్డాడు, ఎవడు పడేశాడీ చెత్త అని. రింగును వేళ్ల మధ్య తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. జార్ లోపలికి వేలు పెట్టి తడిమి చూశాడు. గోడ ఒకవైపు గుంట పడి ఉంది. సబ్బు నురగ, ఫోను, పక్కింటావిడ గొంతు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. స్టూలు మీద కూలబడ్డాడు. అరగని బిళ్ల కోసమని జార్ అరిగింది, ఆ అరిగిన ముక్కే బిళ్లను అతికించింది, ఆ నేరం పాప మోసింది.

పుస్తకం తీశాడు. ఆ పేజీ తీశాడు. 'కొత్త జార్, ఆరు గంటలు.' ఎంత గుండ్రంగా రాశాడో! తన రాతను చూసి తనకే అసహ్యం వేసింది.

అయినా అనుమానం మీద మాట్లాడే మనిషి కాదు. మంగళవారం అవే అయిదు పొడులు తూచి పాత జార్‌లో ఆరు గంటలు నూరాడు. బుధవారం అచ్చులో పోసి కొలిమి పెట్టాడు. పదిహేను వందలు దాటాక సూచిక మీద ముల్లు కదిలింది. పిస్టన్ దిగింది. ఒక్కడే కొలిమి ముందు నిలబడి, "దిగింది పాపా" అన్నాడు. గురువారం బిళ్లను నునుపు చేసి, గుండు కింద పెట్టి పూటంతా రాపిడి పెట్టాడు. గీతను భూతద్దంలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు.

బిళ్ల, జార్, రింగు, పుస్తకం నాలుగూ తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. పెద్దసారు రింగు తీసి చూసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా కెలకడం? ఆ అమ్మాయి వెళ్లి మూడేళ్లయింది. రేపు మీకు వీడ్కోలు సభ. మీ పుస్తకంలో ఒక పేజీకి ఫ్రేము కట్టించి మీకే ఇద్దామని చేయించాను కూడా. మంచి పేరుతో వెళ్లండి."

"నా మంచి పేరు ఎవరి నెత్తిన నిలబడి ఉందో మొన్న సోమవారమే తెలిసింది సార్. ఇంక ఒక్క రోజు కూడా నిలబెట్టలేను."

జేబులోంచి పెన్ను తీశాడు. పొద్దున్నుంచి నునుపు చేసే పనిలో ఉన్న చేతులు, కడుక్కోలేదు. 'కొత్త జార్' మీద ఒక్క గీత కొట్టాడు. పక్కన 'పాత జార్. తప్పు నాది. ఎవరూ ఏమీ కలపలేదు' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. పేజీ అంచున బొటనవేలి నలుపు పడింది. పెద్దసారు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఆ కమిటీలో నేనూ కూర్చున్నానండీ" అన్నాడు మెల్లగా. ఆ తరవాత కాగితం తీసుకుని తనే ఒక ఉత్తరం రాశాడు, కమిటీ తేల్చింది తప్పని, ఆ అమ్మాయి పని నిజాయతీగా జరిగిందని. ముద్ర వేసి ఇచ్చాడు.

శుక్రవారం సభకు బాబాయి వెళ్లలేదు. ఉత్తరమూ బిళ్లా చొక్కా జేబులో పెట్టుకుని, పొద్దున్నే గడియారాల కొట్టు వెతుక్కుంటూ వెళ్లాడు. దారంతా ఒకటే ఊహ. పాప తిడుతుంది, తిట్టనీ. కొడితే కొట్టనీ. ఆ పెద్దాయన చేతిలో మాత్రం బిళ్ల పెట్టి, ఇదిగోనండీ మీ అమ్మాయి అన్నమాట అని చెప్పాలి. ఆ ఒక్క ఆశ ఆయన్ని నడిపించింది.

కొట్టులో బల్ల వెనక, కంటికి భూతద్దం పెట్టుకుని పాప కూర్చుని ఉంది. మూడేళ్లకే చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. తలెత్తి చూసి, భూతద్దం తీసేసింది.

"బాబాయ్! నువ్వా? రా, కూర్చో. చిక్కిపోయావేంటి? వండుకుంటున్నావా అసలు?"

ఆయన కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, పొద్దున పుస్తకం రాయడం దగ్గర్నుంచి నిన్న గీత కొట్టడం దాకా. ఉత్తరం బల్ల మీద పెట్టాడు. దాని మీద బిళ్ల పెట్టాడు. పాప బిళ్ల తీసుకుని వేలి గోటితో గీకి చూసింది, వెనకటిలాగే. రాలలేదు.

"అదా సంగతి" అంది. "పాత జారా! నాకు తట్టనే లేదు చూడు."

"నన్నొక్క మాట అడగాల్సింది తల్లీ."

"కమిటీలో నన్ను అడిగింది ఒక్కటే బాబాయ్. పుస్తకం తప్పా, నేను తప్పా అని. పుస్తకం తప్పయ్యే ప్రసక్తే లేదు, మా బాబాయి రాసింది రాసినట్టే చేస్తాడు అన్నాను. అయితే కోబాల్టు ఆకాశం నుంచి ఊడిపడిందా అన్నారు. తెలియదన్నాను. నవ్వారు. పోనీ ఆయన్ని ఇంకోసారి పిలిపించి గట్టిగా అడుగుతాం అన్నారు. వద్దన్నాను. పిన్ని పోయి ఎన్నాళ్లో కాలేదు, నిన్ను అక్కడ నిలదీస్తే నేను చూడలేకపోయేదాన్ని."

బాబాయికి వెనక్కి తిరగకుండా "ఊఁ" అన్న రోజు గుర్తొచ్చి, నేలలోకి కుంగిపోయినట్టయింది. బిళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"నాన్నగారు ఏరమ్మా? ఆయన చేతికి ఇవ్వాలి ఇది. మొదటి బిళ్ల ఆయనకేగా."

"లేరు బాబాయ్. పోయిన ఏడు పోయారు."

కొట్టులో పాతిక గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి.

"రెండేళ్లలో ఏనాడూ నన్ను ఆ మాట అడగలేదు" అంది పాప, బిళ్లను తిప్పుతూ. "పోవడానికి నాలుగు రోజుల ముందు మాత్రం అడిగారు. నిజంగా నువ్వేం కలపలేదు కదా తల్లీ అని. కలపలేదు నాన్నా అన్నాను. సరేలే అన్నారు. నమ్మి అన్నారో, నన్నెందుకు బాధపెట్టడమని అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు బాబాయ్. అది తెలియక నేను..." అని, ఇంక ఆపుకోలేక ఏడ్చేసింది. మూడేళ్లుగా ఎవరి ముందూ ఏడవని పిల్ల చిన్నపిల్లలా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఆయన చేయి చాచాడు గాని, తల మీద వేయడానికి ధైర్యం చాలక మధ్యలోనే దించేశాడు.

కాసేపటికి మొహం తుడుచుకుని లేచింది. బల్ల అవతల, కిటికీ పక్కన పాత కుర్చీ ఒకటి ఉంది. దిండు మధ్యలో గుంట పడి ఉంది. ఎవరూ కూర్చుంటున్నట్టు లేదు. బిళ్ల తీసుకెళ్లి ఆ కుర్చీలో పెట్టింది.

"ఇందాక నాకు చెప్పిందంతా ఇక్కడ ఇంకోసారి చెప్పు బాబాయ్. మొదటినుంచీ."

బాబాయి వెళ్లి కుర్చీ ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ కట్టుకున్నాడు.

"అయ్యా, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి పుస్తకం రాశానండీ" అని మొదలుపెట్టాడు. "కొత్త జార్ అని రాశానండీ. కానీ నేను నూరింది..." మాట తనకే వినపడనంత చిన్నదైపోయింది.

"గట్టిగా చెప్పు బాబాయ్" అంది పాప వెనకనుంచి. "నాన్నకి చివర్లో సరిగ్గా వినపడేది కాదు."

ఆయన గొంతు సవరించుకుని, మళ్లీ మొదటినుంచి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.